ముప్పై రెండో రోజు

మోత్కూర్ దగ్గరి ఆ ఊళ్లో గుడ్ ఫ్రైడేకు ముందు నలభై రోజులూ, సాయంత్రం పూట రోజుకో ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఎవరికి ఏ రోజో చర్చి పాస్టరు అయ్యగారు తన నోట్‌బుక్కులో రాసుకుంటారు. నిర్మలమ్మ ముప్పై రెండో రోజు అడిగి మరీ రాయించుకుంది. భర్త జాషువా పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

ఈ ఏడాదిలో ఆమె గడప తొక్కిన మనిషి లేడు. చర్చి దగ్గర అందరూ బాగున్నవా అంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. పిల్లలు లేరు. నోరు మూతబడిపోతుందేమోనని ఆమె పొయ్యితో, బకెట్టుతో మాట్లాడుతోంది. జాషువాకు ఇష్టమైన పాటను ఆ ఇంట్లో పదిమంది గొంతుల్లో ఒక్కసారి వినాలి, అంతే ఆమె ఆశ. అందుకని నిచ్చెన వేసుకుని గోడలకు తానే సున్నం కొట్టింది.

ఆ రోజుకు ముందు ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారు లేచారు.

"మన గుర్వమ్మ ఈ నడుమనే చర్చికి వస్తాంది. ఆమె పెనిమిటి ఎల్లయ్య తాడిచెట్టు మీదికెళ్లి పడి నడుము విరిగింది. ఇయ్యాల గూడ దవాఖానలనే ఉన్నరు, రేపు ఇంటికి తోలుకొస్తరు. ఆయన ఇక్కడిదాక రాలేడు, మనమే పోవాలె. నా నోట్‌బుక్కుల రోజులు అన్నీ నిండినయ్. ఎవరన్న మీ రోజు ఇస్తరా?"

అప్పటిదాకా ప్రేమ గురించి గంట ప్రసంగం విని తలలూపిన వాళ్లంతా బైబిళ్ల జిప్పులు సర్దుకోవడంలో మునిగిపోయారు. నిర్మలమ్మ కూడా తల దించుకుంది. కానీ మంచం మీద కదలలేని మనిషి కళ్ల ముందు నుంచి పోలేదు. ఈ పాడు మనసు నాకే ఎందుకుండాలి అని తన మీద తనకే కోపం వచ్చింది. అందరూ వెళ్లేదాకా ఆగి అయ్యగారి దగ్గరికి వెళ్లింది.

"నాది ఇచ్చెయ్యుండ్రి."

"అమ్మా, ఆ దినం జాషువాగారి..."

"ఆయన పోయిండు. ఎల్లయ్య ఉన్నడు. గుర్వమ్మకు మాత్రం చెప్పొద్దు. చెప్తే నన్ను చూసినప్పుడల్ల తలకాయ వంచుకుంటది."

ముప్పై రెండో రోజున గుర్వమ్మ ఇంట్లో పరవడానికి ఏమీ ఉండదని నిర్మలమ్మ తన జంపకానే తీసుకెళ్లి పరిచింది. తనకు చోటు మిగల్లేదు. తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చుంది. గుర్వమ్మకు వచ్చిన పాట ఒక్కటే, అదే పాడారు. జాషువా పాట ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ తన మీద చేతులు పెట్టి ప్రార్థిస్తుంటే ఎల్లయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిర్మలమ్మకు సంతోషమే అయింది. అయినా లోపల ఏదో కలుక్కుమంటూనే ఉంది.

వెళ్లేటప్పుడు గుర్వమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"అక్కా, మీ ఇంట్ల ప్రార్థన ఎప్పుడు? అందరికన్న ముందు నేనే వస్త."

"మాది అయిపోయింది, గుర్వమ్మా."

ఇంటికొచ్చి తాళం తీసింది. కొత్త సున్నం వాసన వేసింది. జాషువా పాట తానే ఎత్తుకుంది. ఒంటి గొంతు ఆ ఖాళీ గదిలో ఆమెకే వినబుద్ధి కాలేదు. రెండో చరణం దగ్గర ఆపేసి గోడకు ఆనుకుని ఏడ్చింది. దేవుడి మీద కూడా కాస్త అలిగింది.

తెల్లారి గుర్వమ్మ జంపకానను మడతపెట్టి తెచ్చింది. గడప లోపలికి వచ్చి చుట్టూ చూసింది.

"ఏందక్కా, పండుగ లెక్క సున్నమేసినవ్! ఎవరొస్తాండ్రు?"



"నువ్వొచ్చినవ్ గదా. కూసో, చాయ పెడ్త."

నిర్మలమ్మ గుర్వమ్మ చేతిలోని జంపకాన తీసుకుని, మడతలు విప్పి, మళ్లీ నేల మీద పరిచింది.