నా తొమ్మిదో అధ్యాయం

నేను ఒక డిటెక్టివ్ నవలని. ఇన్‌స్పెక్టర్ మార్తాండ వరసలో ఎన్నోదాన్నో నన్ను రాసినాయనకే సరిగ్గా గుర్తుండదు. బెజవాడలో ఓ ఇరుకు ప్రెస్సులో పుట్టాను. అట్ట మీద పిస్తోలు, దాని వెనక నోరు తెరిచిన ఆడమనిషి. లోపల కథలో పిస్తోలే లేదు. అయినా అట్ట చూసే జనం కొన్నారు.

గుడివాడలో గంగాధరంగారి అద్దె పుస్తకాల షాపుకి చేరాను. ఆస్పత్రి వరండాల్లో, బస్టాండు బల్లల మీద నన్ను చదువుతూ మనుషులు ఉలిక్కిపడుతుంటే మురిసిపోయేదాన్ని. భయపెట్టడం తప్ప భయపడటం నాకు తెలీదు. అది ముకుందం నేర్పాడు.

ముకుందం తల్లి చిన్నప్పుడే పోతే పిన్ని కనకవల్లిగారు పెంచింది. ఆవిడకి పిల్లల్లేరు. తన తర్వాత ఇల్లు వాడిదేనని అందరితోనూ చెప్పేది. మార్తాండ నవలంటే ఆవిడకి ప్రాణం. సగం చదవకముందే హంతకుణ్ణి చెప్పేసేది. ఆవిడ కోసమే ముకుందం నన్ను తీసుకెళ్ళాడు. ముందు తను చదివాడు.

నా తొమ్మిదో అధ్యాయంలో ఒక అల్లుడు మామగారికి రోజూ మజ్జిగలో చిటికెడు పొడి కలిపిస్తాడు. మామ మెల్లమెల్లగా చిక్కిపోతాడు. ఊరంతా జబ్బనుకుంటుంది. కథ కోసం చదివేవాళ్ళ కళ్ళు పరిగెడతాయి. ముకుందం కళ్ళు అక్కడ ఆగిపోయాయి. చదివాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ చదివాడు. తర్వాత నన్ను ఆవిడకివ్వకుండా తన గదిలో బీరువా మీదికి, గోడవైపు తోసేశాడు.

కొన్నాళ్ళకి పక్కగదిలో మూలుగు మొదలైంది. కడుపులో నొప్పి, నీరసం. డాక్టరొచ్చి వయసన్నాడు. రోజూ మధ్యాహ్నం గ్లాసులో చెంచా తిప్పే చప్పుడు వినిపించేది. చెంచా ఎంతసేపు తిప్పాలో నా పేజీలోనే ఉంది. కాళ్ళుంటే దూకేదాన్ని. నోరుంటే అరిచేదాన్ని. దుమ్ములో పడి వణికాను.

"కొత్త మార్తాండ రాలేదుట్రా?" ఆవిడ గొంతు.

"ఇంకా రాలేదు పిన్నీ."

ఓరోజు పక్కింటి విమల టీచరు గదిలోకొచ్చి, స్టూలెక్కి నన్ను లాగింది. "ఇదిగోండి పిన్నిగారూ, గంగాధరంగారు చెప్పినట్టు మీ ఇంట్లోనే ఉంది. ఎప్పుడో తెచ్చి మర్చిపోయినట్టున్నాడు." నన్ను మంచం మీద పెట్టి బడికి వెళ్ళిపోయింది.

కనకవల్లిగారు నన్ను గుండెల మీద ఆనించుకుని చదవడం మొదలెట్టింది. పేజీ తిప్పడానికే ఆయాసపడుతోంది. తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆవిడ గుండె దడదడలాడటం నా అట్టకి తెలిసింది. అంతలో ముకుందం గ్లాసుతో వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆవిడ నన్ను మూయలేదు. "ఇలా కూచో నాయనా," అంది. "ఇవాళ నాకు సయించట్లేదు. నువ్వు తాగు."

అతను మంచం దగ్గరికొచ్చి గ్లాసులోకి చూశాడు. మజ్జిగ పక్క మీద ఒలికింది.

"ఇవాళ ఏం కలపలేదు పిన్నీ," అన్నాడు. "ఒట్టు. ఇవాళ కలపలేదు."

నన్ను పట్టుకున్న ఆవిడ వేళ్ళు మంచుముక్కల్లా అయ్యాయి. ఇంట్లో వాళ్ళిద్దరే. లేచి నిలబడే ఓపిక ఆవిడకి లేదు, గుమ్మానికీ ఆవిడకీ మధ్య అతనున్నాడు.

"విమల సాయంత్రం పుస్తకం కోసం వస్తానంది," అంది చివరికి, వణకని గొంతుతో. "అది వచ్చేలోపు నీ బట్టలు సర్దుకుని వెళ్ళిపో."

అతను కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆవిడ కాళ్ళు దగ్గరికి లాక్కుంది. వీధి తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక గానీ ఆవిడకి ఏడుపు రాలేదు. నన్ను మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

ఆవిడ బతికింది. పోలీసులకి చెప్పలేదు. వాడేడని అడిగినవాళ్ళకి ఉద్యోగం దొరికి వెళ్ళాడని చెప్పేది. నన్ను విమలతో షాపుకి పంపేసింది. గంగాధరంగారు నన్ను తుడుస్తూ, "ఈసారి హంతకుడెవరో కనిపెట్టారా ఆవిడ?" అని నవ్వారు.

"పూర్తి చెయ్యలేదండీ," అంది విమల. "ఇంక మార్తాండ వద్దన్నారు."