ఇరవై ట్యూబులు, ఒకే రక్తం

"కూరలో ఉప్పు రోజుకో రకంగా ఉంటోంది. నీ చేతికి నిలకడ లేదు," అన్నాడు భర్త, కంచం పక్కకు నెడుతూ.

"వాడు చెప్పేది నీ మంచికేనమ్మా," అంది అత్తగారు.

పద్నాలుగేళ్లుగా వింటున్న మాటలే. ఆమె కంచాలు కడిగి, ఆయన వెనకే ఆస్పత్రికి బయల్దేరింది. ఇద్దరిదీ ఒకే ల్యాబు. ఆయన సీనియర్ టెక్నీషియన్, ఆమె ఆయన చేతికింద.

ఈసారి మాత్రం మింగి ఊరుకోదలచుకోలేదు. క్రితం వారం ఒక లారీ డ్రైవరు రక్తంలో కాలేయపు ఎంజైమ్ ఒక రిపోర్టులో 412, అదే రక్తానికి మరో రిపోర్టులో 268 వచ్చింది. 412 రాసింది భర్తే. అయినా పెద్ద డాక్టరమ్మ ముందు, "ఆ పూట మెషీన్ మీద మా ఆవిడే ఉందండీ. ఇంట్లోనూ ఇంతే," అన్నాడు. అందరూ నవ్వారు. మెమో ఆమెకు వచ్చింది.

మధ్యాహ్నాలు మెషీన్ చప్పుడు లేకుండానే ఆయన రిజిస్టరు నిండటం ఆమె ఎన్నోసార్లు చూసింది. చూసి కూడా అడగలేదు. ఆ సిగ్గు ఆమెదే.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. ఆమె చెప్పినట్టే డాక్టరమ్మ ఒకే రక్తాన్ని వేరువేరు నంబర్లతో ట్యూబుల్లో పోసి, ఆ రోజు నమూనాల్లో కలిపి ఇద్దరికీ చెరి పది పంపింది. ఏవి ఏవో ఆమెకూ తెలియదు. ఆయన ట్రేలో మాత్రం రెండింటిలో ఉత్త నీళ్లు.

శనివారం మీటింగులో డాక్టరమ్మ అంకెలు చదివింది. "ఒకే రక్తమైనా ప్రతిసారీ కాస్త తేడా రావడం సహజం. ఈమెవి 264కీ 272కీ మధ్య ఉన్నాయి. మీవి 38 నుంచి 430 దాకా వెళ్లాయి."

"మెషీన్ పాతదండీ," అన్నాడు ఆయన.

ఆమె లేచింది. "మెషీన్‌దే అనుకుందాం. రెండు ట్యూబుల్లో నీళ్లు పోశాం, కంటితో చూసినా తెలిసేవి. వాటికి 36, 41, నార్మల్ అని రాశారు. నీళ్లకు కాలేయం ఎక్కడిదండీ?"

ఎవరూ నవ్వలేదు.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇక్కడే బాగుంది."

డాక్టరమ్మ ఇబ్బందిగా కదిలింది. "నీ సంసారం కదమ్మా. మందలించి వదిలేయమంటావా?"

"ఆయన నార్మల్ అని రాసిన రిపోర్టులన్నీ బయటికి తీయించండి. అందరికీ మళ్లీ పరీక్ష చేద్దాం. ఫోన్లు నేను చేస్తాను."

సోమవారం, ఆయన పక్క బల్ల దగ్గర తలదించుకుని కూర్చుని ఉండగానే, మొదటి నంబరు కలిపింది. "మీ రిపోర్టు తప్పు కావచ్చండీ, ఒకసారి రండి," అంది. ఎవరు రాశారని అవతలివాళ్లు అడగకముందే, భర్త పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.