తాత పేరున్న వాక్యం

జపాను బియ్యం కడగడంలో నన్ను మించినవాడు దుబాయ్ మొత్తం మీద లేడు. నాలుగు నీళ్ళు మార్చాలి. మొదటి నీళ్ళు చటుక్కున పారబొయ్యాలి. నలపకూడదు, పసిపిల్లకి తలంటినట్టు తిప్పాలి. జపాను వాళ్ళింట్లో పనిచేసే విజయదుర్గ రోజూ చేసే పని అదే. ఆ ఆదివారం పొద్దున మూడో నీళ్ళలో చెయ్యి తిప్పుతుండగా ఫోను మోగింది. ఊళ్ళో వాళ్ళ వీధి పిల్ల లావణ్య పంపిన వాయిస్ మెసేజి.

"అక్కా, నాగబాబన్నయ్య షార్జాలో స్కూల్లో ఆయా పనంటన్నాడు. రేపు సోమారం పాస్‌పోర్టు ఇమ్మంటన్నాడు. నువ్వూ ఆయన సేతి మీదే ఎళ్ళావు కదా. మంచోడేనా? ఒక్క మాట సెప్పక్కా."

ఆ ఒక్క మాటకీ విజయదుర్గకీ మధ్య ఐదేళ్ళుగా మొగుడు మాణిక్యం అడ్డంగా కూచుని ఉన్నాడు. గల్ఫ్ ఏజెంటు నాగబాబు ఆవిణ్ణీ స్కూల్లో ఆయా అనే పంపాడు. తీరా దింపింది ఒక ఇంట్లో. పాస్‌పోర్టు ఇంటాయన బీరువాలో, పడక వంటగదిలో. ఆ వంటగది తలుపుకి గడియ లేదు. అంతకు మించి ఆవిడ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడు నెలలకి బయటపడి మొగుడికి ఫోన్లో చెప్పుకుని ఏడిస్తే, అతను, "అయ్యిందేదో అయ్యింది. ఇంకెవరికీ చెప్పకు. నలుగుర్లో నా మొగం ఎక్కడెట్టుకోను?" అన్నాడు. ఆ నోటితోనే, ఇంటికి స్లాబు ఎప్పుడేయిద్దామని అడిగాడు.

మెసేజి విన్న పది నిమిషాలకే మాణిక్యం ఫోను. "లావణ్య నిన్నడుగుతానంది. అక్కడ పని బాలేదను, చాలు. నాగబాబు పేరెత్తకు, నీ సంగతి అసలెత్తకు. చర్చికి ఫ్యాన్లిచ్చిన మనిషే ఆయన. ఊరి పరువుంది, మన పరువుంది. ఇంటన్నావా?"

"ఇంటన్నా," అంది.

ఇప్పుడున్న ఇల్లు మంచిదే. ఇనోయె సారుది అల్ ఖూజ్‌లో కార్ల స్పేర్‌పార్టుల గోడౌను. నేను అక్కడే టీ కాస్తాను, ఆవిణ్ణి ఆ ఇంట్లో పెట్టించింది నేనే. సాయెకో మేడమ్ చరిత్ర చదువుకున్న మనిషి. ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే కాబట్టి మేడమ్‌కీ విజయదుర్గకీ బాగా కుదిరింది. మేడమ్ ఆవిణ్ణి 'దుర్గా సాన్', అంటే దుర్గ గారు, అనే పిలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళయిన ఏడాది అది. ఆ యుద్ధంలో జపాను సైన్యం కొరియా నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఆడపిల్లల్ని తెచ్చి శిబిరాల్లో పెట్టి, సిపాయిల్ని వాళ్ళ గుమ్మాల ముందు వరసలో నిలబెట్టింది. ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తామని చెప్పి తెచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఆ వరసలో తనూ నిలబడ్డానని మేడమ్ తాత డైరీలో రాసుకున్నాడు.

ఆ పేజీని మేడమ్ టోక్యోలో ఒక సభలో చదువుతానంది. హాలు తగలబెడతామని ఫోన్లొచ్చాయి. హాలువాళ్ళు సభ రద్దు చేశారు. అయితే దుబాయ్ నుంచే ఆన్‌లైన్‌లో చదువుతానంది. దాంతో అక్కడ వాళ్ళమ్మ ఇంటి ముందుకి నల్ల వ్యాన్లొచ్చాయి. మన ఎలక్షన్ ఆటోల్లాగే మైకులు, జెండాలు. "దేశద్రోహిని కన్నదానా, బయటికి రా!" అని రోజూ మధ్యాహ్నం అరుపులు. ఆ ముసలమ్మ చెవి మిషను తీసి పక్కనెట్టి కునుకు తీస్తోందట.

"మీ సొంత తాతగారు కదా మేడమ్, ఎందుకూ?" అని విజయదుర్గ ఒకసారి అడిగింది.

"వేరేవాళ్ళ తాతల గురించి చెప్పడం సులువు, దుర్గా సాన్."

ఆ ఆదివారం పదింటికే ఆ సభ. తొమ్మిదిన్నరకి సారు మేడమ్ గదిలోకి వెళ్ళాడు. విజయదుర్గకి వాళ్ళ భాష రాదు గానీ ఆ వరస తెలుసు. మొదట బతిమాలడం, తర్వాత ఒక్కో వేలూ ముడుస్తూ కారణాలు చెప్పడం, ఆఖర్న గొంతు తగ్గించడం. మాణిక్యం కూడా భయపెట్టే మాట మెల్లగానే అంటాడు. సారు బయటికొచ్చాక విజయదుర్గ టీ పట్టుకెళ్ళింది. మేడమ్ కాగితం వంక చూస్తూ అంది: "చదువుకో, కానీ తాత పేరున్న వాక్యం తీసెయ్ అంటున్నారు. సైన్యం అంటే చాలట. ఆయన వ్యాపారం, మా అమ్మ, ఇంటి పేరు..."

విజయదుర్గ గుమ్మం పక్కనే నిలబడిపోయింది. పొయ్యి మీద పెట్టాల్సిన బియ్యం సంగతే మర్చిపోయింది. (అన్నట్టు, ఆ బియ్యం నేను జన్మలో కడగలేదు. నాలుగు నీళ్ళని ఆవిడ చెప్పిందే. నేను కడిగేవి టీ గ్లాసులు.) ఒళ్ళంతా ఒకటే నీరసం. తనకి జరిగింది తను మోస్తోంది, సరే. దాని మీద మాణిక్యం మొహాన్నీ మోస్తోంది, నాగబాబు ఫ్యాన్లనీ మోస్తోంది, ఏనాడూ తనకి నీడనివ్వని ఊరి పరువునీ మోస్తోంది. ఇంటిపనికైనా వారానికో పూట సెలవుంది, ఈ మోతకి లేదు. మేడమ్‌కి ఏమీ జరగలేదు. చేసినవాడి మనవరాలు. ఈవిడ చెబుతోంది. జరిగిన తను నోరు మూసుకుంది. రేపు లావణ్యని ఏ ఇంట్లో దింపుతాడో?

మేడమ్ చదివింది. ఒకచోట ఆగింది. నీళ్ళు తాగి, తాత పేరు ఇంటిపేరుతో సహా పలికింది. పక్క గది తలుపు ధడాలున పడింది. విన్నది నలభై ఒక్కమంది. లోకమేమీ తల్లకిందులు కాలేదు. వ్యాన్లు మర్నాడూ వచ్చాయి.

విజయదుర్గ బాల్కనీలో ఆరిన బట్టల మధ్య నిలబడి ఊళ్ళో ఆడవాళ్ళ ప్రార్థన గ్రూపు తెరిచింది. అరవై ముగ్గురున్నారు. లావణ్య ఒక్కదానికే చెప్పి ఊరుకోవచ్చు. లావణ్య తర్వాత ఇంకొకర్తి ఉంటుంది.

"నేను విజయదుర్గని మాట్టాడతన్నాను. లావణ్య అడిగింది, అందరికీ చెప్తన్నాను. స్కూలని చెప్పి నన్ను పంపింది నాగబాబు..."

నాలుగు నిమిషాలు మాట్లాడింది. మళ్ళీ వినకుండా పంపేసింది.

ఆడపడుచు గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత లావణ్య: "పాస్‌పోర్టు నా కాడే ఉందక్కా. ఇవ్వను."

సాయంత్రం మాణిక్యం ఫోను చేసి, "బానే చెప్పావే. నాకే ఆ ధైర్యం లేకపోయింది," అన్నాడు.

ముందు కొట్టిన బియ్యం కోతలు పోను, ఇందులో నేను కల్పించింది ఈ ఒక్కటే. నల్ల వ్యాన్లు కాదు, చెవి మిషనూ కాదు, మాణిక్యం ఫోను. మూడు వారాలైంది, అతను చెయ్యలేదు. కథలోనైనా చేయిద్దామనుకున్నాను. చదివి వినిపిస్తే విజయదుర్గ ఇస్త్రీ ఆపకుండానే అంది:

"అనని మంచిమాట ఆయనకెందుకు కట్టబెడతావు బాబాయ్?"