వెండికి ఎంగిలేమిటి?

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. విజయనగరంలో ఓ కంసాలి ఇంట పుట్టాను. ముక్కు కాస్త పొడుగు, గర్వం అంతకంటే పొడుగు. ఒక కిరాణా వ్యాపారి ఇంట్లో తరతరాల పిల్లలకు ఉగ్గు పోశాను. ఆ ఇంటి మనవడు నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రిలో బతికి బట్టకట్టాడు. ఆ సంతోషంలో నన్ను తెచ్చి పసిపిల్లల వార్డు హెడ్ సిస్టర్ ఎస్తేరమ్మ చేతిలో పెట్టారు.

అక్కడ నా వైభోగం చూడాలి! స్టీలు గిన్నెలు ఎన్నున్నా తల్లులందరికీ నేనే కావాలి. నాది మంచి హస్తవాసి అనేవారు. గిన్నెకు చెయ్యెక్కడిదని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అంతలో వార్డులో జ్వరాలు మొదలయ్యాయి. మామూలు మందులు వేటికీ లొంగని మొండి సూక్ష్మజీవి అట. పనిచేసే మందు ఒక్కటే మిగిలింది. అది ఎక్కిస్తున్నా, క్రిమి ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే మళ్లీ అంటుకుంటుంది. మనవరాలికి తోడుగా పైడమ్మ అనే ముసలావిడ వార్డులో ఉండేది. ఇంకా పేరైనా పెట్టని ఆ పిల్ల పాలు తాగడం మానేసింది. నాకు భయం వేసింది. ఆ చిన్న నోరు నాకు బాగా తెలుసు.

క్రిముల జాడ పట్టడానికి డాక్టర్ హైమవతి దిగింది. కుళాయిలు, మంచాలు, సిస్టర్ల చేతులు అన్నీ దూదిపుల్లతో తుడిచి పరీక్షించింది. ఏమీ దొరకలేదు. చివరికి పాలుపట్టే వేళ ఓ పక్కన నిలబడి చూసింది. స్టీలు గిన్నెలు మరిగే నీళ్లలోకి వెళ్లాయి. నన్ను మాత్రం కుళాయి కింద ఓసారి తిప్పి పక్క పాప దగ్గరికి తీసుకెళ్లారు.

"అదేంటి సిస్టర్, దాన్ని మరిగించరా?" అంది డాక్టరమ్మ.

"వెండికి ఎంగిలేటి మేడమ్!" అంది ఎస్తేరమ్మ.

"మాయమ్మా అదే అనీది," అని పైడమ్మ వంత పాడింది. నేనూ ఔనన్నట్టు తళుక్కుమన్నాను.

దూదిపుల్ల నా ముక్కులోకి దూరింది. ఫలితం వచ్చింది. ఆ మొండి క్రిమి నా ముక్కు మడతలోనే కాపురం పెట్టింది! తల కొట్టేసినట్టయింది నాకు. నన్ను పక్కన పెట్టేశారు. కొత్త జ్వరాలు ఆగాయి. పైడమ్మ మనవరాలు మళ్లీ పాలకు నోరు తెరిచింది.

ఇంటికెళ్లే రోజున, చివరిసారి నాతోనే పాలు పడతానని పైడమ్మ పట్టుబట్టింది. ఎస్తేరమ్మ నన్ను అందించబోతే చెయ్యి చాపి, ఆగిపోయింది. నా ముక్కులోకి తొంగిచూసి, "మరగెట్టినారేటి?" అని నిలదీసింది.

"నా చేత్తో మరగెట్టాను తల్లీ!" అంది ఎస్తేరమ్మ.

మేలిమి వెండిని పట్టుకుని ఎంత మాట! ఉక్రోషంతో ఉడికిపోయాను. ఈలోగా పైడమ్మ నాలో పాలు పోసి పడితే, ఆ పిల్ల చుక్క మిగల్చకుండా తాగేసి, ఇంకా కావాలని గుక్కపట్టి ఏడ్చింది. నా ఉక్రోషం ఎటుపోయిందో తెలియదు.

ఇప్పుడు రోజూ స్టీలు గిన్నెలతో కలిసి మరిగే నీళ్లలో మునుగుతున్నాను. వేడి కాస్త ఎక్కువే గానీ, సావాసం బాగుంది.