మొట్టికాయ

మా అక్క కొడుకు పోయి మూడు రోజులే అయింది. విమానాల షెడ్డులో, మా అందరి ముందూ, అక్కకు కుర్చీ కూడా వేయించకుండా యజమాని కాగితం చదివాడు.

"విమానంలో ఏ లోపమూ లేదు. పైలటు గాల్లో ఉండగా నిషేధించిన పని చేశాడు. అందుకే కూలింది."

చదివి కళ్ళజోడు తీశాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. అబ్బాయి సంచీ తీసుకెళ్ళు."

"నిషేధించిన పనంటే ఏంటండీ? నా కొడుకు ఏం చేశాడు?"

"అవన్నీ నీకు అర్థం కావులే."

నాకర్థమైంది. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి, కానీ ఇరవై రెండేళ్ళుగా ఆ విమానాల పంకాలు విప్పి బిగిస్తున్నాను. అక్కడున్న పదకొండు మంది పైలట్లకూ అర్థమైంది. ఎవడి బూట్లు వాడు చూసుకుంటూ నిలబడ్డాడు.

అక్క సంతకం పెట్టలేదు. సంచీ అక్కడే వదిలేసి నా చేయి పట్టుకుని బయటికి నడిచింది.

కూలి చేసుకునే అన్నలారా, చదువుకునే పిల్లలారా, ఆ పనేంటో మీకు చెబుతాను. మా విమానాలు పంకాలతో ఎగిరే రకం, పక్కకొకటి. పంకా రెక్కలు గాలిని కోసే వాలులో నిలబడాలి. ఆ వాలును పట్టి ఉంచేది ఒక కొక్కెం. అది అరిగిందా, గాల్లోనే రెక్కలు తిరగబడతాయి. ముందుకు లాగాల్సిన పంకా గోడలా అడ్డం నిలబడుతుంది. విమానం ఆ పక్కకు ఒరిగిపోతుంది. ఈ రకం విమానం ఎక్కబోమని వేరే కంపెనీల పైలట్లు ఎప్పుడో తెగేసి చెప్పారు, పేపర్లలో కూడా వచ్చింది. మా వాళ్ళు మాత్రం ఎక్కారు. ఎక్కి మీసం మెలేశారు. దానికి గయ్యాళి అని పేరు పెట్టుకున్నారు. అది మొరాయించినప్పుడు మీటను సర్రున వెనక్కి లాగి, టక్కున ముందుకు నెట్టి, రెండో పక్క పెడలు బలంగా తొక్కితే ఒక్కోసారి దారికొచ్చేది, కాకపోతే ఆలోగా విమానం చాలా కిందికి జారేది. ఆ విద్యకు మొట్టికాయ అని పేరు. నిషేధం అన్నాడే, అదే ఇది. మొట్టికాయ వేయడం రానివాడికి పైలట్ల భోజనాల బల్ల దగ్గర చోటుండేది కాదు. దిగాక లోపాల పుస్తకంలో రాస్తే విమానం ఆగేది, మేం కొక్కెం మార్చేవాళ్ళం. రాసినవాడు పిరికివాడని నవ్వేవారు. అందుకని ఎవరూ రాయలేదు. "మా పైలట్లు పులులు" అని యజమాని చప్పట్లు కొట్టేవాడు. పులుల చేత సర్కసు చేయించుకున్నాడు.

మా మేనల్లుడు దిగబోతూ, ఇళ్ళ కప్పులు కనిపించే ఎత్తులో మొట్టికాయ వేశాడు. ఎత్తు చాల్లేదు. వాడితో కలిపి పద్నాలుగు మంది పోయారు.

అదే మధ్యాహ్నం పైలట్లందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. 'ఈ విమానం నడపడానికి మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నాను.' రేపు పది గంటలకల్లా సంతకం పెట్టాలి. పెట్టనివాడు ఇంటికే.

బూట్లయినా తుడుచుకోకుండా వాళ్ళ గదిలోకి వెళ్ళాను.

"మేస్త్రీ, ఇది పైలట్ల గది" అన్నాడొకడు.

"తెలుసు. మా వాడు కూర్చునే కుర్చీ ఏదో చూసిపోదామని వచ్చాను."

వాళ్ళలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల, మేమంతా మిరపకాయ్ అని పిలిచే పిల్ల, కాగితాన్ని ఉండ చుట్టి బల్ల మీద కొట్టింది. "నేను పెట్టను. ఏం పీకుతాడో పీకనీ."

"నీకేం తల్లీ, ఒంటరిదానివి" అన్నాడొక నడివయసాయన. "నాకిద్దరు పిల్లలు."

"అందుకే పెట్టకు, అన్నా" అంది మిరపకాయ్. "పిల్లలకి నాన్న కావాలిగా."

"ఇన్నేళ్ళూ ఎగరలేదా ఏంటి? కుర్రాడి చేయి కాస్త ఆలస్యమైంది, అంతే..."

నడివయసాయన మాట పూర్తి కాలేదు. నా చేతులు వాడి కాలర్ మీద ఉన్నాయి. ఇస్త్రీ చొక్కాకు గ్రీజు మరకలు పడ్డాయి. "నువ్వు ఎత్తులో ఉన్నావు కాబట్టి బతికావురా. నీ చేయి గొప్ప కాదు!"

"వదిలెయ్ మేస్త్రీ." కిటికీ దగ్గర నుంచి పెద్దాయన లేచాడు. తల నెరిసిన కెప్టెను. ఆ గదిలో అందరికీ గురువు. "పట్టుకుంటే నా కాలర్ పట్టుకో. మీ వాడికి నేర్పింది నేను."

నేను వదిలాను.

"మొదటిసారి పంకా తిరగబడినప్పుడు వాడి పక్కన నేనున్నాను. దిగగానే రాద్దామని పుస్తకం తీశాడు. నేను నవ్వాను. ఆడపిల్లలా ఫిర్యాదులేంట్రా అన్నాను. పుస్తకం మూసేశాడు."

"నేను ఆడపిల్లనే. నేనూ రాయలేదండీ" అంది మిరపకాయ్. "మీలో ఒకదాన్ని అనిపించుకోవాలని."

నాకూ దాచుకునేది లేదు. "అరిగిన కొక్కేలు నేను కళ్ళారా చూశాను. మీరు రాయందే కొత్తది ఇవ్వరు. గ్రీజు పూసి మూసేశాను. నా పాపం నేను ఒప్పుకుంటాను. అప్పుడే మిగతాది యజమాని గొంతులో కుక్కగలను. మీరూ ఒప్పుకోండి. ఎవరెవరు ఎన్ని మొట్టికాయలు వేశారో, ఏ రోజు, ఏ విమానంలో, అన్నీ ఆ పుస్తకంలో రాయండి."

"రాస్తే లైసెన్సు పోతుంది!"

"మా వాడికి ఉందా లైసెన్సు?"

సాయంత్రం దాకా కొట్లాడుకున్నారు. ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇద్దరు ఏడ్చారు. చివరికి నడివయసాయన మరకల కాలర్ సర్దుకుంటూ, "పెన్ను ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

మర్నాడు పది గంటలకు ప్రయాణికులు షెడ్డు ముందు ఆగిన బస్సులో కూర్చుని ఉన్నారు. యజమాని సంతకాల కోసం వచ్చాడు. పెద్దాయన లోపాల పుస్తకం తెరిచి, మైకు తీసుకున్నాడు. ప్రయాణికులకు వాతావరణం చెప్పే ఆ నిమ్మళమైన గొంతుతోనే చదివాడు. పదకొండు మంది. నూట ముప్పై ఏడు మొట్టికాయలు. ఒక్కో తేదీ చదువుతుంటే బస్సులోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. బరువులు మోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, టిక్కెట్ల గదిలో అమ్మాయిలు, అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"నేరం ఒప్పుకుంటున్నారు, తెలుస్తోందా?" అని అరిచాడు యజమాని.

"తెలుస్తోంది" అన్నాడు పెద్దాయన. "మీరూ ఒప్పుకోండి, తోడుగా ఉంటారు."

మిరపకాయ్ ముందుకొచ్చింది. "సార్, నేను సంతకం పెడతాను. ఇప్పుడే తీసుకెళ్తాను. పక్క సీట్లో మీరు కూర్చోండి."

యజమాని వాచీ చూసుకున్నాడు. "నాకు మీటింగుంది."

"మాకూ పనులున్నాయయ్యా!" అంది బస్సు దిగిన ఒక పెద్దావిడ. షెడ్డు మొత్తం గొల్లున నవ్వింది. వాడి ముఖం కందగడ్డ అయింది. ఆ ముఖం చూస్తే నా కడుపు కాస్త నిండింది. పూర్తిగా కాదు.

మేం మేస్త్రీలం నిచ్చెనలు వేసి, మిగిలిన నాలుగు విమానాల పంకాలూ విప్పి నేల మీద పరిచాం. అరిగిన కొక్కేలు ప్రయాణికుల చేతుల్లో పెట్టాం. యజమాని తన గదిలోకి పోయి ఫోను చేశాడు.

పోలీసులు అరగంటలో వచ్చారు. పుస్తకంలో ఆయన చేతి రాతే సాక్ష్యమని చెప్పి పెద్దాయన్ని జీపెక్కించారు. జీపు గేటు దాకా వెళ్ళి ఆగింది. గేటుకు అడ్డంగా మేం కూర్చున్నాం. పైలట్లు, మేస్త్రీలు, ఊడ్చేవాళ్ళు, ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోలేదు.

"లెమ్మని చెప్పండి వాళ్ళకి. మీ మాట వింటారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు పెద్దాయనతో.

"ఇన్నాళ్ళూ విన్నారు. అందుకే ఒకడు పోయాడు. ఇక నేనేం చెప్పను."

ముందు వరుసలో మా అక్క. జీపు ఇంచీ ఇంచీ జరిగి బంపరు ఆమె మోకాళ్ళకు ఆనింది. అక్క కదల్లేదు. తలెత్తి డ్రైవరు కానిస్టేబుల్ని చూసింది. మా వాడి ఈడువాడే.

"ఇంజను ఆపరా నాయనా."

వాడు ఇన్‌స్పెక్టరును చూశాడు. మళ్ళీ అక్కను చూశాడు. తాళం తిప్పాడు.

ఆ నిశ్శబ్దంలో, గేటు పక్కనే ఉన్న యజమాని గది తలుపుకు లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

అక్క నా భుజం పట్టుకుని లేచి, ఆ తలుపు వైపు తిరిగింది. ఆమె వెనక మేమంతా లేచాం.