సగం సగంగా పోయే మందు

మా బావమరిది సూదిగాడి మీద నాకున్న కోపం ఈ జన్మకి చల్లారేది కాదు. మందుల పరీక్షలకి మనుషుల్ని కుదిర్చిపెట్టి కమిషన్ తీసుకోవడం వాడి పని. అందుకే పేటలో వాడికి ఆ పేరు.

వాడు నన్ను దింపిన పరీక్ష సంగతి ఇది. పాత కంపెనీ మందు ఒకటి, దాన్ని చూసి ఇంకో కంపెనీ చేసిన చవక మందు ఒకటి. రెండూ రక్తంలోకి ఒకేలా ఎక్కుతాయా లేదా అని చూస్తారు. ఒకే మనిషి ముందు ఒకటి మింగాలి, అది ఒంట్లోంచి పోయాక రెండోది మింగాలి. మామూలు మందుకైతే వారం ఆగితే చాలు. ఇది మొండిది. సగం పోవడానికే మూడు వారాలు, మిగిలిన సగంలో సగానికి మరో మూడు వారాలు. అందుకని రెండు విడతల మధ్య నాలుగు నెలలు పెట్టారు. ఆ నాలుగు నెలలూ వేరే పరీక్షకి వెళ్ళకూడదు, తలనొప్పి బిళ్ళ కూడా మింగకూడదు. డబ్బులో పెద్ద భాగం రెండో విడతకి. దాంతో పంక్చర్ల కొట్టు పెడదామని నా ఆశ. మా ఆవిడ ఆలోచన అప్పటికే కొట్టు తలుపులకి వేసే రంగు దాకా వెళ్ళిపోయింది.

మొదటి విడతలో నా పేరు తీసేసి పదిహేడు అన్నారు. బిళ్ళ మింగాక నర్సు టార్చి వేసి నాలుక కింద వెతికింది, దాచుకుని బయట అమ్ముకుంటాననుకుందో ఏమో. ముంజేతికి గొట్టం బిగించి, గంట కొట్టినప్పుడల్లా రక్తం తీశారు.

తర్వాత నేనున్నంత నిష్ఠగా సన్యాసి కూడా ఉండి ఉండడు. పన్ను పోటెత్తి దవడ వాచినా ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాను. వేరే పరీక్షలకి పిలుపులు వస్తే, మాట ఇచ్చానని చెప్పి పంపేశాను.

రెండో విడతకి వారం ముందు రక్తం తీసి చూశారు. డాక్టరమ్మ గదిలోకి పిలిచి కూర్చోమంది. మొదటి మందు ఇంకా నా రక్తంలో హద్దు దాటి ఉందట. నన్ను తీసేశారట. కొందరి ఒళ్ళు అంత నెమ్మదిగా వదులుతుందట. ఈ ఒంటికి చదువు అంటలేదు, ఈ చేతిలో సంపాదన నిలవలేదు. గట్టిగా పట్టుకు కూర్చున్నది ఈ మందొక్కటే.

"ఇంకో నెల ఆగుతానమ్మా," అన్నాను.

"మీ ఒక్కరి కోసం ఆపలేమండీ. అసలిది రెండు జట్లతో చేయాల్సింది. ఒక జట్టుకి ఇది, ఇంకో జట్టుకి అది. ఒక్కసారి మింగి వెళ్ళిపోతారు, ఇలా నెలల తరబడి ఆగక్కర్లేదు. మేం మొదట అనుకున్నదీ అదే."

"మరి మార్చారెందుకు?"

"దానికి చాలా ఎక్కువమంది కావాలి. అంతమందిని తేలేనన్నాడు మీ బావమరిది. ఉన్నవాళ్ళే రెండుసార్లూ వస్తారని మాటిచ్చాడు. మేమూ సరేనన్నాం."

సూదిగాడు గేటు దగ్గర మోటారు సైకిల్ మీద కూర్చుని పల్లీలు నములుతున్నాడు. అడిగితే దాచలేదు. కమిషన్ మనిషికింత కాదట, మనిషి వచ్చిన ప్రతిసారికీ ఇంతట. తక్కువమంది రెండుసార్లు వస్తే తిరుగుడూ తక్కువ.

"నీ ఒళ్ళు ఇంత పిసినారిదని నాకేం తెలుసు బావా?" అన్నాడు. "అక్కతో అనకు. పై నెల ఇదే మందుకి మళ్ళీ పరీక్ష పెడుతున్నారు, ఈసారి రెండు జట్లు. నీ పేరు రాయిస్తా."

"చేర్చుకుంటారట్రా?"

"ఎందుకు చేర్చుకోరు? రక్తంలో పాత మందు లేకపోతే చాలు."

ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు అంది మా ఆవిడ. పాపం అన్నది తమ్ముణ్ణి. కొట్టు కోసం మాట్లాడుకున్న గదిని వారం తిరగకుండా చెప్పులు కుట్టేవాడు తీసుకున్నాడు. నాకు రావాల్సి, రాకుండా పోయింది ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు.