అరవై ఒక్క జెండాలు

"చొక్కా ఒక్కటి ఇస్త్రీ చెయ్యమంటే తీరిక లేదంటావు. ఊరివాళ్ళ జెండాలకి మాత్రం బల్లంతా పరిచేశావే!" అన్నాడు భర్త, కాఫీ కప్పు పెట్టుకోవడానికి బల్ల మీద చోటు వెతుక్కుంటూ.

ఆమె తలెత్తలేదు. చేతిలో ఇస్త్రీపెట్టె, దాని కింద ఆకుపచ్చా తెలుపూ చారల జెండా. పట్టుగుడ్డలాంటిది, కాస్త వేడెక్కితే ముడుచుకుపోతుంది. కుర్చీ వీపుల మీద, సోఫా చేతుల మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా జెండాలే. మొత్తం అరవై ఒకటి.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దవాళ్ళు" అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు కిటికీ వైపు చూస్తూ. ఆవిడ సామెతలన్నీ కిటికీకే చెబుతుంది, కోడలికి తగిలేలా.

ఆ జెండాల సంగతి కాస్త చెప్పాలి. కూతురు చదివే ఇంటర్నేషనల్ స్కూల్లో ఏటా ఒక రోజు ప్రపంచ దినం చేస్తారు. ఏ దేశం పిల్లలు ఆ దేశం జెండా వెనక నిలబడి, తల్లిదండ్రులందరూ చూస్తుండగా మైదానం చుట్టూ రెండుసార్లు నడుస్తారు. ఏడేళ్ళ క్రితం, కూతురు చేరిన కొత్తలో, "ఎవరైనా తల్లులు కాస్త సాయం చేస్తారా?" అని స్కూలు అడిగితే ఈమె చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి మళ్ళీ దించలేదు.

పెళ్ళికి ముందునుంచీ ఆమె బస్సుల కంపెనీలో టైమ్‌టేబుళ్ళు వేసేది. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎక్కడ దిగినవాళ్ళకి ఎక్కడ ఇంకో బస్సు అందాలి, అంతా ఆమె పెన్సిల్ మొనలో ఉండేది. భర్తకి బదిలీ అయ్యాక ఆ పెన్సిల్ వంటింటి సొరుగులోకి చేరింది. ఈ ప్రపంచ దినంతోనే మళ్ళీ బయటికొచ్చింది.

మొదటి ఏడే ఆమెకొక చిక్కు తగిలింది. తండ్రిది ఒక దేశం, తల్లిది ఇంకో దేశం అయిన పిల్లలు ఎటు నిలబడాలి? స్కూలువాళ్ళు ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. ఓ పిల్లాడు ఆ మాటకి గంటసేపు ఏడ్చాడు. ఏడవడా మరి? అమ్మా నాన్నల్లో ఒకరిని వరసలోంచి తీసెయ్యమంటే పెద్దవాళ్ళకే గుండె ఆగుతుంది! అప్పుడు ఆమెకి బస్సులు గుర్తొచ్చాయి. ఎలాగూ రెండు చుట్లు కదా, మొదటి చుట్టు ఒక జెండా వెనక నడవాలి, గోల్‌పోస్ట్ దగ్గరకి రాగానే దిగి రెండో జెండా ఎక్కాలి. పిల్లలు దానికి "బస్సు మారడం" అని పేరు పెట్టుకున్నారు. చూసేవాళ్ళకి అదేదో డాన్సులా ఉంటుంది. వందమంది పిల్లలు ఒకరినొకరు గుద్దుకోకుండా మారాలంటే ఏ జెండా ఎప్పుడు ఎక్కడ ఉండాలో లెక్క కావాలి. ఆ లెక్క కోసం ఆమె ఏటా నెల ముందునుంచే తరగతి తరగతికీ వెళ్ళి, ప్రతి పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు ఎవరెవరి జెండా వెనక నడుస్తావమ్మా?" అని అడిగి నీలం అట్ట నోట్‌బుక్‌లో రాసుకునేది.

ఈ ఏడు ఆ నోట్‌బుక్ తెరవనే లేదు. స్కూలువాళ్ళు కార్యక్రమాల కోసం ప్రత్యేకంగా ఓ మేనేజర్ని పెట్టుకున్నారు. ముప్ఫై దాటిన మనిషి, నిద్రలో కూడా తియ్యడేమో అన్నట్టు చెవికి ఎప్పుడూ మైకు తగిలించుకునే ఉంటాడు. ఆమె కూతురు అతనికి హెడ్‌సెట్ సార్ అని పేరు పెట్టింది. మొదటి మీటింగులోనే అతను చల్లగా నవ్వి, "ఇన్నేళ్ళూ కష్టపడ్డారు మేడమ్, ఇక మీరు రెస్ట్ తీసుకోండి. ఈసారి లిస్టు కంప్యూటర్లోంచే తయారుచేశాం" అన్నాడు.

"పిల్లల్ని అడిగారా?" అందామె.

"అడగడం దేనికండీ? అడ్మిషన్ ఫారంలో ఉందిగా. కుటుంబం ఏ దేశమో తండ్రులు రాసే ఇచ్చారు." కాగితం ఆమె వైపు జరిపాడు. "నలభై ఒక్క జెండాలు. మీరు ఇస్త్రీ చేసి పంపితే చాలు."

నలభై ఒకటా! మిగతా ఇరవై దేశాలూ ఏమయ్యాయో ఆమెకి ఆ క్షణమే తెలిసింది. అవి తల్లుల దేశాలు. చెప్పబోయింది కూడా. "సార్, ఇందులో తల్లులవి..." అనేలోపు అతను చెవి పట్టుకుని మైకులో ఇంకెవరితోనో మాట్లాడుతూ లేచిపోయాడు. ప్రిన్సిపల్ మేడమ్ మాత్రం ఆమె భుజం తట్టి, "మీ సాయం మరిచిపోలేం" అంది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నది గానీ, తగలేసేముందు భుజం తడతారని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి చెబితే భర్త, "పోనీలే, పీడా వదిలింది. జీతమా భత్యమా? ఇక ఇల్లు చూసుకోవచ్చు" అన్నాడు. ఇల్లు ఇన్నాళ్ళూ తనంతట తనే చూసుకుంటున్నట్టు! పొద్దున్నే ముగ్గురికి మూడు రకాల టిఫిన్లూ, అత్తగారి మాత్రలూ, కూతురి ప్రాజెక్టులూ, అతగాడి మేజోళ్ళ జతలూ వాటంతట అవే అమరిపోతున్నట్టు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. చాలా మాటలు అక్కడే ఆగుతాయి ఆమెకి.

అంత అవమానం జరిగినా చెయ్యి ఊరుకోలేదు. నలభై ఒకటి చేసి పంపేద్దామనే బల్ల మీద పరిచింది. తీరా అట్టపెట్టె అడుగున ఆ ఇరవై మడతలూ కనబడేసరికి ప్రాణం ఒప్పలేదు. అన్నీ ఇస్త్రీ చేసింది. నలభై ఒకటి స్కూలుకి పంపి, ఇరవైనీ ఒక సంచిలో పెట్టుకుంది. దాని మీద నీలం అట్ట నోట్‌బుక్ కూడా పెట్టింది. పోయినేటి పిల్లలే చాలామంది, చేరిన కొత్తవాళ్ళని ఆమె ఎలాగూ గేటు దగ్గర అడిగి తెలుసుకునే ఉంది.

ప్రపంచ దినం నాడు మూడో వరసలో కూర్చుంది. అటు భర్త, ఇటు అత్తగారు. సంచి కుర్చీ కింద. ఏడేళ్ళలో మొదటిసారి కూర్చుని చూడటం. కాళ్ళు కుదురుగా ఉండటం లేదు.

బ్యాండు మొదలైంది, ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. వరసల మొదట్లో ఓ చిన్నపిల్ల గడ్డి మీద చతికిలబడి కూర్చుంది. ఏడేళ్ళది, రెండు జడలు. స్కూలు నర్సు కూతురు. తండ్రి అడ్మిషన్ రోజున సంతకం పెట్టి వెళ్ళినవాడు మళ్ళీ ఆ గేటు మొహం చూడలేదని స్కూల్లో అందరికీ తెలుసు, కంప్యూటర్‌కి తప్ప. హెడ్‌సెట్ సార్ వంగి బతిమాలుతున్నాడు.

"ఇది నాది కాదు" అంది ఆ పిల్ల గట్టిగా. పక్కనే అతని మైకు ఉండబట్టి మైదానమంతా వినబడింది. "మా అమ్మది కావాలి. మా అమ్మది ఏదీ?"

ఆ వెనకే ఇంకొకడు కూర్చున్నాడు. "మా అమ్మది కూడా లేదు." వాడి వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చూస్తుండగానే ముప్ఫై మంది గడ్డి మీద కూర్చుని ఉన్నారు. కుర్చీల్లో తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. మందులపెట్టె పట్టుకుని గట్టు పక్కన నిలబడ్డ నర్సు కళ్ళు తుడుచుకుంటోంది.

హెడ్‌సెట్ సార్ ఎర్రబడ్డ మొహంతో మూడో వరస దగ్గరికి పరుగున వచ్చాడు. "మేడమ్, మీ దగ్గర ఏదో నోట్‌బుక్ ఉంటుందటగా, ఒక్కసారి ఇస్తారా?"

"ఇచ్చెయ్, అడుగుతున్నారుగా" అన్నాడు భర్త.

ఇచ్చెయ్! ఎన్నిసార్లు విందో ఆ మాట. రాజీనామా ఇచ్చెయ్, ఎలాగూ బదిలీ అవుతోందిగా. నీ గది ఇచ్చెయ్, నాకు ఆఫీసు పెట్టుకోవాలిగా. నీ ఆదివారం ఇచ్చెయ్, మావాళ్ళొస్తున్నారుగా. ఇచ్చింది. అన్నీ నవ్వుతూనే ఇచ్చింది, ఇచ్చినవి ఏవీ తిరిగి రాలేదు. ఇప్పుడు ఈ నోట్‌బుక్ ఇస్తే ఇతను గబగబా నాలుగు పేజీలు తిరగేస్తాడు. చప్పట్లు అతనికి, ఇస్త్రీ తనకి. పోనీ ఇవ్వకుండా కూర్చుంటే ఆ పిల్ల అలా గడ్డి మీదే ఉంటుంది. అది అంతకన్నా తన వల్ల కాదు. మరి ఏంచెయ్యాలి? ఎందుకో ఆ రెండు జడల పిల్ల గొంతే చెవిలో మోగింది. ఏడేళ్ళ పిల్లకున్నపాటి నోరు తనకెందుకు లేకపోవాలి?

ఆమె లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"నోట్‌బుక్ ఇవ్వనండీ. నేనే వస్తాను. ముందు ఆ హెడ్‌సెట్ ఇటివ్వండి."

అతను భర్త వైపు చూశాడు. ఆమె చెయ్యి చాపే ఉంది. చెవికున్నది తీసి ఇచ్చాడు.

ఆ తర్వాత పన్నెండు నిమిషాలు మైదానంలో ఆమె గొంతు ఒక్కటే వినబడింది. అరవలేదు, తొందరపెట్టలేదు. "నాలుగో తరగతివాళ్ళు ఎడమ గీతమీదికి. నువ్వు మొదటి చుట్టు నాన్నది, తర్వాత అమ్మది, గుర్తుందిగా బంగారూ? బ్యాండువాళ్ళూ, నేను చెప్పేదాకా ఆగండి నాయనా!" సంచిలోంచి ఇరవై జెండాలూ ఒక్కొక్కటే పైకి లేచాయి, ఒక్క ముడత లేకుండా. నర్సుని పిలిచి ఆవిడ దేశం జెండా ఆవిడ చేతికే ఇచ్చింది. రెండు జడల పిల్ల ఎగిరి లేచి, గడ్డి దులుపుకుని, తల్లి వెనకే మహారాణిలా నిలబడింది.

బ్యాండు మోగింది. మొదటి చుట్టు. గోల్‌పోస్ట్ దగ్గరికి రాగానే వందమంది పిల్లలు ఒక్కసారిగా బస్సు మారారు. ఒకళ్ళకొకళ్ళు తగల్లేదు. మైదానం చప్పట్లతో అదిరిపోయింది. ఆమె మధ్యలో నిలబడి చూసింది. ఇది నేను చేశాను అనుకుంది, జీవితంలో మొదటిసారి ఆ మాట పూర్తిగా అనుకుంది, ముందు "ఏదో" అని తగిలించకుండా.

మూడో వరసలో అత్తగారు పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, "ఆ మైకులో మాట్లాడేది మా కోడలేనండీ" అంటోందట. కూతురు తర్వాత చెప్పింది. ఇంటికెళ్ళే దారిలో భర్త ఏదో అనబోతే ఆవిడే, "నువ్వుండరా, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం నీకూ రాదా?" అంది. ఈసారి కిటికీ వైపు చూడలేదు.

సోమవారం ప్రిన్సిపల్ మేడమ్ పిలిపించింది. బల్ల మీద పూలగుత్తి, ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం. పక్కన హెడ్‌సెట్ సార్, ఆ రోజు చెవి ఖాళీగా.

"మీరు సాయం చేయకపోతే పరువు పోయేది. ఇది మా కృతజ్ఞత" అంటూ ప్రశంసాపత్రం అందించింది మేడమ్. "ఆ నోట్‌బుక్ ఆఫీసులో ఇచ్చి వెళ్తే కాపీ తీసి పెట్టుకుంటాం. వచ్చే ఏడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఏడేళ్ళు అడగలేదు, తప్పు తనది కూడా. ఆమె ప్రశంసాపత్రం చదివి బల్ల మీద పెట్టేసింది. గొంతు మైదానంలో ఉన్నట్టే ఉంది.

"సాయం అని రాశారు మేడమ్. సాయమంటే ఇంకొకరి పనిలో చెయ్యి వెయ్యడం. ఏడేళ్ళుగా ఈ పని చేసిన ఆ ఇంకొకరు ఎవరో నాకు కనబడలేదు."

ప్రిన్సిపల్ మేడమ్ కళ్ళజోడు తీసింది. "కూర్చోండి" అంది మేడమ్, ఎదురుగా ఉన్న అతిథుల కుర్చీ చూపిస్తూ.

ఆమె కూర్చోలేదు. సంచిలోని నోట్‌బుక్ మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడింది.

"ఇది నాతోపాటే వస్తుంది, మేడమ్, జీతానికి. నా కుర్చీ ఎక్కడ వేస్తారో చెప్పండి, కూర్చుంటాను."